లడ్డుకి రొంప పట్టింది

జెద్దా
9 ఆగస్టు 2024, శుక్రవారం

ప్రభువునందు ప్రియమైన నెహెమ్యా బాబాయ్‌కి,

సుజిత వందనాలు. నీ ఉత్తరం ఫోటోలు అందాయి. మూడో పేజీలో సగం నీ బొటనవేలే ఉంది. ఇకమీదట కాగితం బల్ల మీద పరిచి తియ్యి. నీ చెవులు రెండూ ఆ ఖర్జూరం తోట పంపు మోటారుకి కానుకగా ఇచ్చేశావు కాబట్టి మనకి ఈ ఉత్తరాలే గతి. ఫోనులో నేను ఎంత అరిచినా "ఆఁ, తిన్నానమ్మా" అంటావు.

ఇప్పుడు కూర్చుని చదువు. నా గదిలో ఒక పాముంది.

పారిపోకు. అద్దాల పెట్టెలో ఉంది. విషం లేదు. కొండచిలువల్లో పొట్టి జాతి, నాలుగడుగులు ఉంటుంది. భయమేస్తే కరవదు, తల లోపల దాచుకుని ముద్దలా చుట్టుకుపోతుంది. అందుకే దాని పేరు లడ్డు.

ఇదెలా వచ్చిందంటే, మా బిల్డింగులో నాలుగో అంతస్తులో హేమసుందర్ గారని ఒకాయన ఉన్నారు. కరీంనగర్ వైపు మనిషి, కోల్డ్ స్టోరేజీలు కట్టే ఇంజనీరు. రెండేళ్ల కిందట న్యుమోనియాతో మా వార్డులో పద్దెనిమిది రోజులున్నారు. అప్పటినుంచి లిఫ్టులో కనబడితే దండం పెడతారు. పోయిన నెలాఖరులో వచ్చి, "సిస్టర్, మూడు నెల్లు ఉనైజాల పని పడ్డది. ఒక పెట్టె మీ దగ్గర పెట్టుకుంటరా?" అన్నారు. దానికేం అన్నాను. "అండ్ల లడ్డు ఉంటది" అన్నారు. "ఫ్రిజ్‌లో పెడతాలెండి" అన్నాను. ఆయన మొహం చూడాల్సింది! అప్పటికే మాట ఇచ్చేశాను.

రేష్మా నీకు గుర్తుందిగా, నాతో ఫ్లాటు పంచుకునే కేరళ అమ్మాయి. మొదటిరోజు తలుపు గొళ్లెం పెట్టుకుని పడుకుంది. ఇప్పుడు డ్యూటీ నుంచి రాగానే "గుడ్ ఈవెనింగ్ సర్" అని లడ్డుకే చెబుతోంది.

అసలు సంగతి. వారం నుంచి అది ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వినిపిస్తోంది. మధ్యలో టిక్ టిక్ మంటోంది. నిన్న ముక్కు దగ్గర చిన్న బుడగ కనబడింది. మనిషైతే నాకు తెలుసు, ఇదేంటో తెలియదు. మా గదిలో ఏసీ ఎప్పుడూ పద్దెనిమిదిలో ఉంటుంది. బయట నలభై మూడు డిగ్రీల ఎండ, లోపల పాముకి జలుబు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నువ్వు కోళ్లనీ గేదెల్నీ పెంచినవాడివి. ఏం చెయ్యాలో రాయి.

చిలిపి సుజిత

తా.క. అంచున గీసింది నీ కోసమే. నాలుక కూడా పెట్టాను.


ఉనైజా
14 ఆగస్టు 2024

అమ్మా సుజీ,

ప్రభువు నీకు తోడై యుండునుగాక. నీ గదిలో ఉన్నదానికి మాత్రం కాదు.

"పాముంది" అన్న మాట దగ్గర నా ఫోను ఖర్జూరం గంపలో పడిపోయింది. మా డ్రైవరు ఫారూఖ్ తీసి ఇచ్చి, నువ్వు గీసిన బొమ్మ చూసి "ఇదేమైనా నీళ్ల పైపు ప్లానా?" అని అడిగాడు. వానపామును చూసి గేదె మీదికెక్కినవాణ్ణి నేను. మీ నాన్న పాలకొల్లు అంతా చెప్పుకుని నవ్వాడు. అలాంటివాణ్ణి వైద్యం అడుగుతావా?

అడిగావు గనక చెబుతాను. కోడికి కొక్కెర తెగులొస్తే దాన్ని విడిగా గంప కింద పెడతాం. దూడకు రొంప పడితే నీలగిరి తైలం చుక్కలేసిన వేడినీళ్ల ఆవిరి పడతాం. రొంప ఎవరికైనా రొంపే. గిన్నె పెట్టె పక్కన పెట్టి పైన దుప్పటి కప్పు. నువ్వు మాత్రం దూరంగా నిలబడు.

సుక్కరీ ఖర్జూరం కోత మొదలైంది. తెల్లారకముందే బజారుకి బండ్లు కడుతున్నాం. చేతులన్నీ జిగురు. ఈ ఫోను తెర నా వేలిని గుర్తుపట్టడం మానేసింది.

ఇంతకీ ఆ హేమసుందర్ వయసెంత? ఏ సంఘం? లిఫ్టులో దండం పెట్టేవాడు మంచివాడే అయ్యుంటాడు. అందులోనూ తనకి ప్రాణంలాంటి జీవాన్ని నీ చేతికి అప్పగించాడంటే ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది. ఆయన ఉండేది ఉనైజాలోనే గనక ఒకసారి చూసొస్తాను. నువ్వేం సిగ్గుపడక్కర్లేదు.

మీ బాబాయ్
నెహెమ్యా


జెద్దా
19 ఆగస్టు 2024

బాబాయ్‌కి,

ఈసారి వందనాలు లేవు. చీవాట్లే.

నువ్వు చెప్పినట్టే నీలగిరి ఆవిరి పట్టాను. నర్సునై ఉండి ఎలా పట్టానో నాకే తెలియదు. ఒక్క నిమిషం. లడ్డు మెడ నిలువుగా పైకెత్తింది. నోరు తెరిచింది. లోపల దారాల్లా జిగురు సాగింది. పెట్టె మూత తీసి, దుప్పటి విసిరేసి, దాన్ని నా స్క్రబ్స్ జాకెట్లో చుట్టి, రేష్మాని లాక్కుని టాక్సీ ఎక్కాను. డ్రైవరుకి చంటిబిడ్డ అన్నాం. పాపం, సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి "మాషా అల్లా" అన్నాడు.

జంతువుల క్లినిక్‌లో ఆరిఫా అని లాహోరు డాక్టరు. ముందు నేను చెప్పింది వింది. తర్వాత నన్ను తిట్టింది. ఉర్దూలో తిడుతుంటే చాలా అందంగా ఉంది. పాముకి మనలాగా ఊపిరితిత్తుల కింద కండరపు పొర ఉండదట. అందుకని అది దగ్గలేదు. లోపల చేరిన చీముని బయటికి తోసుకోలేదు. అందుకే తల పైకెత్తి, నోరు తెరిచి గాలి కోసం తంటాలు పడుతుంది. "అది నోరు తెరిచిందంటే అప్పటికే ఆలస్యమైందని గుర్తు పెట్టుకో సిస్టర్. ఈల, టిక్కు, బుడగ, ఇవి కనబడిన రోజే రావాలి. తైలాలు, బామ్‌లు దాని ఊపిరికి విషం. మీ బాబాయ్‌కి నా సలాం చెప్పు" అంది. చెప్పాను.

తర్వాత మెత్తటి ప్లాస్టిక్ ముక్కతో దాని నోరు మెల్లగా తెరిచి చూపించింది. బాగున్న పాము నోరు లేత గులాబీగా, శుభ్రంగా ఉండాలట. దీని చిగుళ్ల మీద ఎర్రటి సూదిపొడుపుల్లాంటి మచ్చలు. ఒక పక్కన పనీరు తురుములాంటి తెల్లటి పెచ్చు అంటుకుని ఉంది. నోటి పుండు, ఛాతీ నెమ్ము రెండూ కలిసొచ్చాయి. పెచ్చు గోకి తీయొద్దు, నెత్తురొస్తుంది. మందు కలిపిన నీళ్లతో రోజూ తుడవాలి. తల కిందికి వంచి తుడవాలి, చుక్క కూడా ఊపిరి గొట్టంలోకి పోకూడదు. మూడు రోజులకోసారి ఇంజక్షను. అదీ తల వైపు మూడోవంతు ఒంట్లోనే చెయ్యాలి. తగ్గేదాకా తిండి పెట్టకూడదు. నోట్లోంచి తీసిన చీమును పరీక్షకి పంపింది.

"పెట్టెలో వేడెంత?" అని అడిగింది. నేను చూడలేదు. ఇంటికొచ్చి పెట్టె కింద ఉండే వేడి పలక ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ముప్పై రెండు ఉండాల్సిన చోట ఇరవై రెండు. ఏ ప్లగ్గులో పెట్టి దాన్ని కాల్చేశానో! పైన నా ఏసీ. బాబాయ్, ఒక మనిషి నన్ను నమ్మి ఇచ్చిన ప్రాణం అది. నేను చలికి చంపుతున్నాను.

కొత్త పలక కొన్నాను. ఏసీ కట్టేశాం. ఆగస్టు నెలలో జెద్దాలో ఏసీ లేకుండా ఇద్దరు నర్సులు తడిగుడ్డలు నెత్తినేసుకుని కూర్చున్నారు, చూసుకో.

హేమసుందర్ గారికి ఈ సంగతి చెప్పొద్దు. అది కోలుకున్నాక నేనే చెబుతాను. నీ నోరు నాకు తెలుసు. మాట ఇవ్వు.

సుజిత


ఉనైజా
26 ఆగస్టు 2024

అమ్మా సుజీ,

డాక్టరమ్మ సలాం అందింది. నీలగిరి సీసా ఫారూఖ్‌కి ఇచ్చేశాను. తల్లీ, నా తప్పే. దూడకీ పాముకీ తేడా తెలియని వెధవని.

మాట ఇచ్చాను. ఆ మాట జేబులో పెట్టుకునే శుక్రవారం ఒక పెట్టె సుక్కరీ తీసుకుని హేమసుందర్ పనిచేసే కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. ముందు ఆ సంగతి తేల్చేస్తాను. వయసు యాభై మూడు. భార్య పోయి ఆరేళ్లయింది. చరిత అని కూతురు, హైదరాబాదులో చదువుకుంటోంది. నెత్తి మీద నా కంటే తక్కువ వెంట్రుకలున్నాయి. నీకు కుదరదు. నా ఖర్జూరం పెట్టె మాత్రం పోయింది.

మనిషి మాత్రం నాకు నచ్చాడు. చాయ్ పోశాడు. "మీ సుజిత సిస్టర్ లేకుంటే నేను బతికేటోన్ని కాదన్నా" అని కళ్లు తుడుచుకున్నాడు. అంతా సవ్యంగా సాగుతుండగా, "లడ్డు ఎట్లున్నదన్నా?" అని అడిగాడు. అబద్ధం ఆడకూడదు, నిజం చెప్పకూడదు. "బ్రహ్మాండంగా ఉంది, ఈల కూడా వేస్తోందట" అనేశాను.

ఎందుకన్నానో ప్రభువుకే తెలియాలి. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. నన్ను గోదాములోకి తీసుకెళ్లి, నా కుడిచెవి దగ్గర నోరు పెట్టి ఒక సంగతి అరిచి చెప్పాడు. గోదాములో ఇరవైమంది విన్నారు. తెలుగు వచ్చింది మా ఇద్దరికే. నీకు మాత్రం చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు.

కాబట్టి చెప్పను. నీ మాట ఎంతో ఆయన మాటా అంతే. రెండు మాటలు మోస్తున్నాను, రెండు బిందెలు మోసినట్టుంది. ఆయనకి మాత్రం నీ మీద చాలా నమ్మకం ఉందని తెలుసుకో. అంతవరకే రాయగలను.

మీ బాబాయ్
నెహెమ్యా


జెద్దా
3 సెప్టెంబరు 2024

బాబాయ్‌కి,

కుదరదని నువ్వే రాసి, మళ్లీ ఆయన చెవిలో చెప్పింది దాస్తావా? గోదాములోకి తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని, కళ్లు తుడుచుకుని చెప్పేది ఇంకేముంటుంది? పెళ్లి మాటేగా! రేష్మా కూడా అదే అంది. కేరళలో గోదాము లేకపోతే కొబ్బరితోటలోకి తీసుకెళతారట. అంతే తేడా. ఆయనకి స్పష్టంగా చెప్పెయ్యి. సుజితకి ఇప్పుడు ఒక్క మగవాణ్ణి చూసుకోవడానికే తీరిక లేదు, వాడు అద్దాల పెట్టెలో ఉన్నాడు.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. పరీక్ష ఫలితం వచ్చింది. మొదటి మందు పనిచేయడం లేదని ఆరిఫా మందు మార్చింది. నిన్నటినుంచి లడ్డు గడ్డం అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరుచుకునే ఉంటోంది. వంటింటి కాటాలో తూచాను, నూట పది గ్రాములు తగ్గింది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని ఉంచి, మా వార్డులో పిల్లలకి పెట్టినట్టే ఉప్పునీటి ఆవిరి, నెబ్యులైజరు పెడుతున్నాను. ఇది ఆరిఫా చెప్పినదే, నువ్వు కంగారు పడకు. "పది రోజులు. అటో ఇటో తేలిపోతుంది" అంది.

రోజూ దాని నోరు తుడుస్తుంటే నన్నే చూస్తుంది. పాములకి రెప్పలుండవు గనక చూస్తూనే ఉంటుందని నాకూ తెలుసు. అయినా నన్నే చూస్తున్నట్టుంటుంది.

ఇంకో తలనొప్పి. చరిత నా నంబరు సంపాదించింది. "ఆంటీ, నాన్న పాత వీడియోలే పంపుతున్నడు. లడ్డు ఇప్పుడెట్లున్నదో ఒక్కసారి చూపియ్యరా?" అని అడిగింది. ఆ పిల్ల పన్నెండేళ్లప్పుడు తెచ్చుకుందట దీన్ని. తల చూపిస్తే తెలిసిపోతుందని తోక వీడియో పంపాను. "తోక మస్తున్నది ఆంటీ, తల ఎటు పోయింది?" అంది. నిద్రపోతోందన్నాను. రెప్పల్లేని దానికి.

ఇంజక్షనుకి ఇద్దరు కావాలి. ఒకరు ఒళ్లు పట్టుకోవాలి, ఇంకొకరు పొడవాలి. ఇన్నాళ్లూ రేష్మా పట్టుకుంది. ఆమె పదో తారీఖున సెలవు మీద ఊరికి వెళ్లిపోతోంది. పదకొండున ఇంజక్షను. మా ఆసుపత్రిలో అడిగితే అందరూ నవ్వి వెళ్లిపోయారు. ఏం చెయ్యాలో తెలియడం లేదు బాబాయ్.

సుజిత


ఉనైజా
8 సెప్టెంబరు 2024

సుజీ,

పది రోజులు సెలవు అడిగాను. మా కఫీల్, అదే మా యజమాని, నెత్తి కొట్టుకున్నాడు. కోతల్లో ఎవరైనా సెలవడుగుతారా అన్నాడు. ఇంట్లో ఒకరికి ఊపిరాడటం లేదన్నాను. ఇచ్చాడు.

పదకొండు ఉదయం బస్సు దిగుతాను. నేను పట్టుకుంటాను. ఈ సంగతి మీ పిన్నికి రాయకు, నమ్మదు.

పెళ్లి మాట కాదు. అంతకంటే చెప్పను.

నెహెమ్యా


బస్సులో, మదీనా బయటి రోడ్డు మీద
21 సెప్టెంబరు 2024, మధ్యాహ్నం

అమ్మా సుజీ,

బస్సు పెట్రోలు బంకు దగ్గర ఆగింది. అందరూ భోజనానికి దిగారు. నేను దిగలేదు. నీ ఎదురుగా చెప్పలేనిది ఒకటి రాయాలి.

ముందు నా సంగతి. మొదటిరోజు నేను సోఫా ఎక్కి నిలబడిన మాట నిజం. తోట చేతొడుగులు తొడుక్కుని వచ్చిన మాటా నిజం. నువ్వు అవి లాగేసి "నీ చేతి వేడి దానికి తెలియాలి బాబాయ్" అని నా కుడిచెవిలో అరిచినప్పుడు, పారిపోదామంటే తలుపు నీ వెనకుంది. జిగురుగా ఉంటుందనుకున్నాను. కొత్త తోలు బెల్టులా పొడిగా ఉంది. నువ్వు సూది గుచ్చినప్పుడు అది నా మణికట్టు చుట్టూ బిగించింది. కరుస్తుందనుకుని కళ్లు మూసుకున్నాను. అది తలని నా అరచేతి కింద దాచుకుంది. యాభై ఏడేళ్లొచ్చాయి నాకు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్న మొదటి ప్రాణి అదేనమ్మా.

నువ్వు స్టెతస్కోపుతో వినేది నాకు వేళ్లకి తెలిసేది. పంపులోకి గాలి చొరబడితే పైపు గరగరమని కొట్టుకుంటుంది చూడు, దాని పక్కటెముకల్లో అచ్చం అలాగే ఉండేది. మూడో ఇంజక్షను నాడు నాలుగు ఊపిళ్లకి ఒకటి సాఫీగా వచ్చింది. నీకు చెబితే నమ్మలేదు. నిన్న నాలుగో ఇంజక్షను నాడు సగం సాఫీగా ఉన్నాయి. నోరు కూడా మూసుకునే ఉంది. నువ్వు వంటింట్లోకి వెళ్లి ఏడ్చావు. ఆనందంతో అనుకున్నాను. నీళ్ల కోసం వస్తే, గోడకి ఆనుకుని "నా వల్లే, నా ఏసీ వల్లే" అంటున్నావు. నాకు వినబడదు గానీ పెదాలు కనబడతాయి కదా.

అందుకని ఇది రాస్తున్నాను. హేమసుందర్‌కి నోటితో చెప్పనని మాట ఇచ్చాను. రాయనని ఇవ్వలేదు. ఇది దొంగ లెక్కేనని నాకూ తెలుసు. ప్రభువు దగ్గర నేను సర్దుకుంటాను.

లడ్డు జబ్బు నీ ఇంట్లో రాలేదు. జులైలోనే దాని ఊపిరిలో ఈల ఉంది. ఆ వేడి పలక నువ్వు కాల్చలేదు. అది ఆయనింట్లోనే ఎప్పుడో చచ్చింది. చెయ్యి లోపల పెట్టి చూస్తేగా తెలిసేది! కూతురు వెళ్లినప్పటినుంచీ ఆయన దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆయనకీ పామంటే నాలాగే భయం. పట్టకారుతో ఎలుకని లోపల పడేసి మూత వేసేవాడట. ఈల విని, బుడగ చూసి, చేతులు ఆడలేదట. క్లినిక్‌కి తీసుకెళ్లాలంటే చేత్తో పట్టుకోవాలి. చచ్చిపోతే కూతురికి మొహం చూపించలేడు. గోదాములో ఆయన నా చెవిలో అరిచింది ఈ మాటే: "అన్నా, జబ్బు సంగతి చెప్తే సిస్టర్ వద్దంటదని చెప్పలే. నన్ను బతికిచ్చింది గదా, దాన్ని సుత బతికిస్తదనుకున్న."

నువ్వు ఆయనకి దాచావు. ఆయన నీకు దాచాడు. ఇద్దరూ కలిసి ఆ పిల్లకి దాచారు. మధ్యలో చెవిటివాడికి అన్నీ తెలుసు. కోపం తెచ్చుకో, తప్పులేదు. ఇంక నిన్ను నువ్వు తిట్టుకోకు. నీ ఏసీ కొంచెం తోడై ఉండొచ్చు, నా నీలగిరీ తోడైంది. మొదలు మాత్రం నీది కాదు.

హారను కొడుతున్నాడట, పక్కాయన మోచేత్తో పొడిచాడు.

నెహెమ్యా


జెద్దా
5 అక్టోబరు 2024

ప్రియమైన బాబాయ్‌కి వందనాలు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కోపంతో ఇల్లంతా కడిగాను. లడ్డు పెట్టెతో సహా. నువ్వెళ్లాక ఇంజక్షన్లు క్లినిక్‌కి తీసుకెళ్లే చేయించాను. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. హేమసుందర్ గారికి ఒకే మెసేజ్ పెట్టాను: "నెహెమ్యా బాబాయ్ వెళ్లిపోయారు. ఇంజక్షనుకి రెండో మనిషి కావాలి. నాలుగో తారీఖు శుక్రవారం రండి." అంతే. నాకు అంతా తెలిసిపోయిందని ఆయనకి అర్థమైపోయింది.

నిన్న వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డారు. "తప్పయింది సిస్టర్" అన్నారు. నేను సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాను. సూది చూసి, "మస్తు తప్పయింది" అన్నారు.

అప్పుడు అడిగాను. "మీకు ఆయాసం వచ్చినప్పుడు మీ ఆఫీసువాళ్లు మిమ్మల్ని మా వార్డు గుమ్మంలో పడేసి, ఈయనకేం లేదు, నెల్లాళ్లు ఉంచుకోండి అని వెళ్లిపోయుంటే, నేనేం మందివ్వాలి?"

"నాకు గంత తెల్వలే..."

"తెలుసు. భయపడ్డారు. భయమని చెప్పుంటే మొదటిరోజే డాక్టరు దగ్గరికి వెళ్లేదాన్ని. మీరు చెప్పకపోవడం వల్ల అది రెండు వారాలు ఊపిరి కోసం కొట్టుకుంది."

మనిషి కూలబడ్డాడు. కానీ జాలి పడే సమయం కాదు, ఇంజక్షను వేళ అయింది. లడ్డుని తీసి ఆయన చేతుల్లో పెట్టేశాను. నువ్వు సోఫా ఎక్కావు కదా, ఆయన కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా అందుకున్నారు. నేను పొడిచేదాకా ఆపలేదు. అయిపోయింది చేతులు తెరవండి అంటే, "ఉండనియ్యిరి, ఇంకొంచెం సేపు" అన్నారు.

అలా చేతుల్లో ఉండగానే చరితకి వీడియో కాల్ చేయించాను. ఆయన మొత్తం చెప్పారు. ఆ పిల్ల ముందు ఏడ్చింది. తర్వాత నాన్నని కడిగేసింది. తర్వాత నావైపు తిరిగింది. "తోక పంపినప్పుడే అనుకున్న ఆంటీ. తల చూపియ్యనోళ్లు ఏదో దాస్తున్నట్టే." ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు చూస్తే మా వార్డు కన్సల్టెంటు కూడా అలా అడగడు. నోటి రంగు ఏంటి, లాలాజలం పలచగా ఉందా సాగుతోందా, బరువు ఎంత, మూతి పక్కన వాపు ఉందా. అన్నిటికీ జవాబు చెప్పాను. చివరికి మెల్లగా, "బతుకుతదా ఆంటీ?" అంది.

బతుకుతుందన్నాను. నర్సులు అలా మాట ఇవ్వకూడదు. ఇచ్చేశాను.

సుజిత


ఉనైజా
25 అక్టోబరు 2024

అమ్మా సుజీ,

హేమసుందర్ జెద్దా నుంచి రాగానే మా తోటకి వచ్చాడు. నేను మాట తప్పినందుకు దెబ్బలాడటానికనుకుని పంపు షెడ్డులో దాక్కున్నాను. ఆయన నన్ను వెతికి పట్టుకుని కౌగలించుకున్నాడు. ఫారూఖ్ ఫోటో తీశాడు, పంపుతున్నాను. వేలు అడ్డం లేదు, చూశావా?

ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం ఆయనకి నేను పాఠం చెబుతున్నాను. తోటలో నీళ్ల రబ్బరు గొట్టం ముక్క తీసుకుని, తల కింద ఎలా పట్టాలి, ఒళ్లు ఎలా మొయ్యాలి, ఎక్కడ నొక్కకూడదు అని. కూలీలందరూ పని మానేసి చూస్తున్నారు. నన్ను "ఉస్తాద్" అంటున్నారు. సంతోషంగానే ఉంది గానీ, నిన్న ఎవడో నిజం పామునే సంచిలో వేసి తెచ్చి నా ముందు పెట్టాడు. ఉస్తాద్ మళ్లీ పంపు షెడ్డులో కనబడ్డాడు.

నెహెమ్యా


జెద్దా
16 నవంబరు 2024

ప్రియమైన నెహెమ్యా బాబాయ్‌కి,

సుజిత, సెలవు నుంచి వచ్చిన రేష్మా, ఇద్దరి వందనాలు.

ఒకటో తారీఖున లడ్డు తిన్నది. మూడు వారాల కింద మందులు ఆపేశాం. మళ్లీ ఈల రాలేదు. నోరు పూర్తిగా మానాకే తిండి పెట్టమంది ఆరిఫా, అదీ చిన్న ఎలుక. ఫ్రీజరులో నేను "సుజిత డైట్ ఫుడ్" అని రాసి దాచిన పొట్లం తీసి, గోరువెచ్చగా చేసి, పట్టకారుతో పెట్టెలోకి పెట్టాను. హేమసుందర్ గారు ఒక పక్క, ఫోనులో చరిత ఇంకో పక్క. అది పావుగంట కదల్లేదు. నాలుక బయటికీ లోపలికీ. రేష్మా ప్రార్థన మొదలుపెట్టింది. ఆమెన్ అనేలోపు టప్పున అందుకుంది. అటు హైదరాబాదులో హాస్టలంతా వచ్చేలా ఆ పిల్ల అరిచింది.

నిన్న ఆఖరి పరీక్ష అయింది. లడ్డుకి ఉదయమే అయిపోయింది, ఆరిఫా బాగుందని కాగితం రాసిచ్చింది. నేను చెప్పేది హేమసుందర్ గారి పరీక్ష. చరిత ముందే నాతో చెప్పింది, "ఆంటీ, నాన్నకు చేతగాదు. లడ్డును మీరే ఉంచుకోండ్రి" అని. నిజం చెప్పనా, నాకు సరేననే అనిపించింది. మూడు నెలలైంది. డ్యూటీ నుంచి రాగానే దాని పెట్టె వైపే పోతాను. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, "నేర్చుకున్న సిస్టర్. ఒక్కసారి చూడుండ్రి. తప్పితే నేనే ఇడిచిపెట్టిపోత" అన్నారు.

సరే అన్నాను. సాయం చెయ్యనని చెప్పి గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల అనుకుంటున్నాను బాబాయ్, తప్పాలి, తప్పాలి అని. దేవుడు క్షమించాలి.

చేతులు కడుక్కున్నారు. ముందు పెట్టెలో వేడి చూశారు, రెండు వైపులా. పలక మీద అరచెయ్యి పెట్టి చూశారు. లడ్డుని రెండు చేతులా ఎత్తి కాటా మీద పెట్టి, బరువు పుస్తకంలో రాశారు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నిమిషంసేపు విన్నారు. ముక్కు రెండు రంధ్రాలూ చూశారు. నుదుటి మీద చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తల వెనక మెల్లగా పట్టుకుని, మెత్తటి ముక్కతో నోరు తెరిచారు. చాలీసా లేదు, ఏం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"గులాబి రంగున్నది సిస్టర్. మచ్చల్లేవు. తెల్లపొర లేదు. జిగురు సాగుతలేదు."

"బుడగలు?"

"లేవు."

"ఉంటే?"

"అదే రోజు డాక్టర్ దగ్గరికి. ఎవ్వలకు దాచ."

నేను అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఏదీ గుర్తురాలేదు. "తీసుకెళ్లండి" అన్నాను.

నేను కొన్న వేడి పలక ఒక్కటే చాలదని ఆయన ఇంకో రెండు, ఒకటి చెడితే ఇంకొకటి అని, తెచ్చుకున్నారు. ఉనైజాలో పని ఏడాది పొడిగించారట, అక్కడికే తీసుకెళుతున్నారు. కాబట్టి ఉస్తాద్, ఇకనుంచి ఆ పెట్టె నీ బాధ్యత కూడా. నోరు చూడటం మర్చిపోతే నాకు రాయి. రంపం లాంటి ఉత్తరం రాస్తాను.

కిందికి ఆయన మోస్తానన్నారు. నేను ఇవ్వలేదు. నేనే మోసుకెళ్లాను. కారు ముందు సీటు మీద పెట్టి, లోపలికి చూశాను. చుట్టుకుని లేదు. తల బయటపెట్టి, అద్దం మీద నా ముక్కుకి ఎదురుగా వచ్చి ఆగింది. నోరు మూసుకునే ఉంది.

సీటు బెల్టు నేనే పెట్టాను.

నీ సుజిత